అనంతపురానికీ చిత్తూరుకీ మధ్య అవనిగడ్డ

మా సారు కంప్యూటరు గదిలోకి చెప్పులు బయట విడిచి వచ్చేవారు. ఆ మాటకొస్తే అప్పట్లో అందరూ అంతే, ఏసీ పెట్టిన గదంటే గర్భగుడి అనుకునేవాళ్ళు. సారు భక్తి ఇంకో మెట్టు పైన. మౌసు ముట్టుకునే ముందు అరచెయ్యి ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకునేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మచిలీపట్నంలో ఒక ఎరువుల కంపెనీ బ్రాంచి ఆఫీసులో నేను కంప్యూటరు ఆపరేటర్ని. సారు ఆ బ్రాంచికి మేనేజరు. మాది చిలకలపూడి. ఇంటిల్లిపాదీ గిల్టు నగల పని చేసేవాళ్ళు. మా ఇంట్లో బంగారం తప్ప అన్నీ బంగారంలాగే మెరిసేవి, అందుకని మెరిసేదాన్ని చూసి నేను తొందరగా మోసపోను. నోరు మాత్రం కాస్త ఎక్కువ. "ఈ నోటితో నిన్నెవరు చేసుకుంటారే" అని మా అమ్మ రోజుకొకసారి బెంగపడేది. నాకు ఆ బెంగ ఉండేది కాదు. ఎదుటివాళ్ళు మాటని నోట్లో పెట్టుకుని నానుస్తుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, అంతే.

ఆ ఏడాది హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్ళు రిపోర్టుల కోసం కొత్త సాఫ్ట్‌వేరు పెట్టారు. అంతకుముందు నెలాఖరుకి కట్టలకొద్దీ కాగితాలు ప్రింటు తీసేవాళ్ళం. ఏ ఊళ్ళో ఎంత యూరియా పోయిందో చూడాలంటే సారు వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పేవారు. ఇప్పుడు తెర మీద ఒకటే వరస. రాష్ట్రం పేరు, దాని పక్కన చిన్న గడిలో ప్లస్సు గుర్తు. ప్లస్సు నొక్కితే రాష్ట్రం విచ్చుకుని జిల్లాలు వచ్చేవి. జిల్లా పక్కన నొక్కితే బ్రాంచీలు, బ్రాంచి కింద డిపోలు, ఆ కింద మండలాలు, ఊళ్ళు, చిట్టచివర డీలర్లు. తెరిచినదాని పక్కన ప్లస్సు కాస్తా మైనస్సైపోయేది. దాన్ని నొక్కితే ఊళ్ళూ మండలాలూ బుద్ధిగా మడుచుకుని మళ్ళీ పైదాంట్లోకి దూరిపోయేవి. కిందివాళ్ళ అమ్మకాలన్నీ కలిసి పైవాడి అమ్మకంగా కనిపించేవి.

సారుకి తెరవడం వచ్చింది గానీ మూయడం రాలేదు. ఎక్కడ ప్లస్సు కనిపిస్తే అక్కడ నొక్కేవారు. తెర పెళ్ళి ఊరేగింపంత పొడుగయ్యేది. అందులో తప్పిపోయి నన్ను కేకేసేవారు.

"అమ్మాయ్, నేనెక్కడున్నాను?"

"నూజివీడులో ఉన్నారండీ."

"అక్కడికెప్పుడెళ్ళాను?"

ఎన్నిసార్లు చెప్పినా ఎక్కకపోతే చివరికి ఒకరోజు విసుగొచ్చి అడిగాను. "పంతులుగారు పూజలో సంకల్పం ఎట్టా చెబుతారండీ? జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని పైనుంచి మొదలుపెట్టి దిగుతారా లేదా? దిగి దిగి కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే అంటారు. ఆఖరికి మీ గోత్రం, మీ పేరు దగ్గర ఆగుతారు. ఇదీ అంతే. దిగినదారినే పైకి రావాలి."

సారు మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి రిపోర్టు తెరిచినప్పుడల్లా పెదాలు కదిలేవి. రాష్ట్రం దగ్గర "భరతఖండే", జిల్లా దగ్గర "మధ్యదేశే" అనుకుంటూ దిగేవారు. మొవ్వ దగ్గరో పామర్రు దగ్గరో ఆగి, పని చూసుకుని, మైనస్సులు నొక్కుకుంటూ క్షేమంగా బయటికి వచ్చేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షణ పుస్తకంలో ఇంత తేలిక మార్గం లేదు. నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ ఏడే సారు తన ఒక్కగానొక్క కూతుర్ని అవనిగడ్డలో ఇచ్చారు. పిల్లవాడు అక్కడే కాలేజీలో లెక్చరరు. మంచి సంబంధం. పొద్దున బస్సెక్కితే పిల్లని చూసుకుని సాయంత్రానికి బందరు తిరిగి రావచ్చు. చిక్కల్లా ఒకటే. పిల్లవాడి తండ్రి మా కంపెనీలోనే అవనిగడ్డ డిపో ఇన్‌ఛార్జి. ఆఫీసులో ఆయన మా సారు కింద ఉద్యోగి. ఇంటికొస్తే మగపెళ్ళివారు.

పెళ్ళికి ముందు సారు అవనిగడ్డకి ఫోను చేస్తే గోడలదిరేవి. "ఏవయ్యా, స్టాకు స్టేట్‌మెంటు ఏదీ?" అని ఒకటే అరుపు. పెళ్ళయ్యాక అదే ఫోను లేచి నిలబడి చేసేవారు. "బావగారూ, నమస్కారమండీ. తమరికి వీలున్నప్పుడు, తొందరేం లేదు, ఆ స్టేట్‌మెంటు…" అంటూ రెండో చేత్తో కండువా లేకపోయినా సర్దుకునేవారు. పిల్లనిచ్చినవాడికి మెడ కాస్త వంగే ఉంటుందని మా వైపు అందరికీ తెలుసు. ఆ వంగిన మెడతో పైఅధికారి ఉద్యోగం చేయడం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను.

ఈలోగా కొత్త సాఫ్ట్‌వేరులో ఎవరి కింద ఎవరు ఉండాలో తేల్చడానికి గుడివాడలో మీటింగు పెట్టారు. స్టేషను దగ్గర ఒక లాడ్జి హాల్లో. గుడివాడ డిపో ఇన్‌ఛార్జి భోజనాల ఏర్పాటు చేశారు. ఈ పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తి కూడా ఆయనే. ఆ రోజు డిపోకి యూరియా లారీలు దిగుతున్నాయని అవనిగడ్డ బావగారు మీటింగుకి రాలేకపోయారు. వచ్చి ఉంటే ఈ కథ లేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు కుర్రాడు మంచివాడే. తెర మీద చెట్టులా గీతలు గీసుకుంటూ ఒక్కొక్క డిపో పేరు చదివాడు. గుడివాడ ఎవరి కింద అంటే మచిలీపట్నం అన్నారు. మొవ్వ కూడా అంతే. తరవాత అవనిగడ్డ వచ్చింది. హాల్లో అందరూ సారు వంక చూశారు.

సారు లేచి నిలబడి "అవనిగడ్డ నా కింద కాదండీ" అన్నారు.

"మరి ఎవరి కిందండీ?"

"వారు ఎవరి కిందా కాదు."

"ఎవరో ఒకరి కింద ఉండాలండీ. లేకపోతే సిస్టం తీసుకోదు."

"బాబూ, వారు మగపెళ్ళివారు."

కుర్రాడు చాలా మర్యాదగా "అది ఏ లెవెలండీ?" అని అడిగాడు.

నాకు నవ్వాగలేదు. దగ్గు వచ్చినట్టు చేసి బయటికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. అవనిగడ్డని తిన్నగా రాష్ట్రం కిందే తగిలించారు, జిల్లాలతో సమానంగా. మధ్యలో బ్రాంచి లేదు, జిల్లా లేదు. వియ్యంకుడికి ఇంతకంటే మర్యాద ఎవరు చేయగలరు? భోజనాల దగ్గర సారు తృప్తిగా రెండోసారి పెరుగు వేయించుకున్నారు.

మర్నాడు రిపోర్టు తెరిస్తే జిల్లాలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. ఆదిలాబాదు, అనంతపురం, ఆ తరవాత అవనిగడ్డ, దాని కింద చిత్తూరు. మాకు సముద్రం లేదు మొర్రో అని రాయలసీమవాళ్ళు ఎన్నాళ్ళ నుంచి బాధపడుతున్నారో గానీ, హంసలదీవి ఇసకతోనూ మడ అడవులతోనూ సహా అవనిగడ్డ ఉన్న దివిసీమని మోసుకెళ్ళి వాళ్ళ మధ్యలో పెట్టేశాం. ఎన్నాళ్ళో ఆ వరస చూసినప్పుడల్లా నవ్వుకునేదాన్ని.

సారుకి మాత్రం నవ్వు తగ్గుతూ వచ్చింది. ఎందుకో తెలియదు, అవనిగడ్డ నుంచి ఫోన్లు పొడిపొడిగా వస్తున్నాయి. స్టేట్‌మెంటు టైముకే వస్తోంది, కానీ అటునుంచి మాట ముక్తసరిగా ఉంటోంది. "బావగారూ" అని ఇటు నుంచి పిలిస్తే అటునుంచి "చెప్పండి సార్" అంటున్నారు. "ఏం లోటు చేశాను అమ్మాయ్? పెళ్ళిలో మర్యాదలు బాగానే జరిగాయే" అని నన్ను అడిగేవారు. పెళ్ళి భోజనంలో బొబ్బట్లు చల్లారాయేమో అన్నాను. సారు దాన్ని నిజంగానే పట్టుకుని వారం రోజులు మథనపడ్డారు.

అప్పుడు వచ్చింది హెడ్డాఫీసు నుంచి మెయిలు. అక్కడికి బొంబాయి నుంచి కొత్తగా ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకి దివిసీమ ఎక్కడుందో తెలియదు. తెలియకుండానే పని జరిగిపోవడం ఆ సాఫ్ట్‌వేరు గొప్పతనం కదా. జిల్లాలని అమ్మకాల వరసలో పేర్చి చూశారట. పెద్ద పెద్ద జిల్లాలన్నిటి అడుగున ఒక బుల్లి జిల్లా, ఎర్రరంగులో, అవనిగడ్డ. ఇంత తక్కువ అమ్మే జిల్లాకి డిపో దండగ, ఈ నెలాఖరుకి మూసేయండి, ఇన్‌ఛార్జిని ఆదోని బదిలీ చేస్తున్నాం, అభ్యంతరాలుంటే తెలపండి అని రాశారు. ఆ పని చేయించాల్సింది దగ్గర్లో ఉన్న బ్రాంచి మేనేజరు. అంటే మా సారు.

సారు కుర్చీలో కూలబడిపోయారు. చెప్పులతోనే ఏసీ గదిలోకి వచ్చేశారని ఆయన గమనించలేదు, నేనూ చెప్పలేదు.

"పెళ్ళయి ఏడాది తిరగలేదు. పిల్లనిచ్చినవాడే వియ్యంకుడి డిపో మూయించాడంటారు. ఆ ఇంట్లో నా పిల్ల తలెత్తుకుని ఎట్టా తిరుగుద్ది అమ్మాయ్?" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు భయం వేసింది. అంతవరకూ నాకిదంతా తమాషాగానే ఉంది.

"అవనిగడ్డని మన కింద పెట్టమని హైదరాబాదుకి ఒక్క ఫోను చేస్తే సరిపోద్దండీ. మన జిల్లాలో కలిస్తే ఎర్రరంగూ ఉండదు, ఏమీ ఉండదు" అన్నాను.

"వారిని అడక్కుండా కింద పెట్టేస్తామా?"

"అయితే అడగండి."

"'బావగారూ, మిమ్మల్ని నా కింద పెట్టుకుంటాను' అని ఏ నోటితో అడగను?"

తరవాత రెండు రోజులూ ఆయన నన్ను తిన్న తిండి అరగనివ్వలేదు. పక్కన పెట్టలేమా అన్నారు. కిందా పైనా తప్ప ఇందులో పక్కన లేదన్నాను. పోనీ మనమే వారి కింద చేరిపోతే అన్నారు. బ్రాంచి పోయి డిపో కింద కూర్చుంటే రేపు మనకే తాళం వేస్తారన్నాను. గుడివాడ కింద పెడదామని అక్కడి ఇన్‌ఛార్జికి ఫోను చేశారు. "అయ్యా, పెళ్ళి కుదిర్చిన పాపానికి ఇప్పటికే రెండువైపులా మాటలు పడుతున్నాను. ఇంక మగపెళ్ళివారిని నా నెత్తిన పెట్టకండి" అని ఆయన ఫోను పెట్టేశారు. నెత్తిన కాదండీ, కింద అని సరిదిద్దేలోపే పెట్టేశారు.

చివరికి అవనిగడ్డ వెళ్ళక తప్పలేదు. లెక్కలు చూపించడానికి నన్ను రమ్మన్నారు. వియ్యాలవారింటికి వట్టి చేతులతో వెళ్ళలేం కాబట్టి బందరు లడ్డూ, అరటి గెల, నా ఒళ్ళో పూలబుట్ట. చల్లపల్లి దాటి మోపిదేవి వచ్చేదాకా కారులో సారు మాట ప్రాక్టీసు చేస్తూనే ఉన్నారు. "బావగారూ, సాంకేతికంగా మాత్రమే…" అని మొదలుపెట్టి, బాగోలేదని మానేసి, "బావగారూ, కంప్యూటరు దృష్టిలో…" అని ఎత్తుకునేవారు. డ్రైవరు అద్దంలోంచి నా వంక చూశాడు.

ఉప్పెనకి అందనంత ఎత్తున అరుగు కట్టిన గోడౌను, దానికి ఆనుకుని డిపో ఆఫీసు గది, వెనకే వాళ్ళ ఇల్లు. బావగారు ఎదురొచ్చి "రండి సార్" అన్నారు. ఆ "సార్" తగలగానే మా సారు మెడ ఇంకో అంగుళం దిగింది. సారుగారమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. తండ్రిని చూసి నవ్వింది గానీ ఆ నవ్వు కింద బెదురుంది. మామగారి మనసు బాగోలేదని ఆ పిల్లకీ తెలుసు, కారణం తెలియదు.

కూతురు కడుపు పండేదాకా ఆ ఇంట్లో అన్నం తినకూడదని సారుకి పట్టింపు. అందుకని పీట మీద కూర్చుంది నేను. రొయ్యల వేపుడు, గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఇద్దరు వియ్యంకులూ నా ఎదురుగా చెరో కుర్చీలో కూర్చుని, వర్షాల గురించీ కాలవ నీళ్ళ గురించీ మాట్లాడుకుంటూ నేను తినడం చూశారు. ఒకాయన తినకూడదు, ఇంకొకాయన అతిథి తినకుండా తినకూడదు. అంత మంచి రొయ్యల్ని అంత ఇబ్బందిగా నేనెప్పుడూ తినలేదు.

చేతులు కడుక్కున్నాక కూడా కాలవ నీళ్ళే నడుస్తున్నాయి. ఇంక నా వల్ల కాలేదు. "సార్, ఒకసారి రిపోర్టు చూపిద్దామండీ" అని ఆఫీసు గదిలోకి నడిచాను. వాళ్ళూ వచ్చారు. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. నేను మౌసు పట్టుకునేలోపే బావగారు నా చేతిలోంచి తీసుకున్నారు.

"నాకు తెలుసమ్మా ఇది. రోజూ పొద్దున్నే చూస్తాను" అన్నారు. రాష్ట్రం తెరిచారు. కృష్ణా జిల్లా తెరిచారు. మచిలీపట్నం పక్కన ప్లస్సు నొక్కారు. "ఇదిగో గుడివాడ ఉంది, మొవ్వ ఉంది. నేను లేను. మొదట్లో పొరపాటేమో అనుకున్నాను. గుడివాడాయన్ని అడిగితే మీటింగులో సారే చెప్పారండీ, మీరు ఆయన కింద కాదని, అన్నాడు. ఇంకేం మాట్లాడతాం? పేరంటానికి వీధంతా పిలిచి మన గుమ్మం దాటి వెళ్ళిపోయినట్టుంది. పిల్లనిచ్చుకున్నాం చాలు, ఇంతకు మించి కలవడం ఎందుకు అనుకున్నారేమో అని సరిపెట్టుకున్నాను సార్."

మా సారు నోరు తెరిచారు. కారులో సాధన చేసిన మాటల్లో ఒక్కటీ రాలేదు. "అయ్యో బావగారూ" అని మాత్రం అన్నారు. తరవాత ఒక్కొక్క ముక్కే వచ్చింది. "మీరు మగపెళ్ళివారు. నా పేరు కింద మీ పేరు రాయించడానికి నాకు చేతులు రాలేదండీ. మర్యాద అనుకున్నాను."

"మర్యాదా?" బావగారు మైనస్సులు నొక్కుకుంటూ పైకి వచ్చి, అనంతపురానికీ చిత్తూరుకీ మధ్య ఎర్రగా ఉన్న తన ఊరి మీద వేలు పెట్టారు. "ఇదా మర్యాద?"

"ఆ మర్యాద మూలంగానే మీ డిపో మూసేయమన్నారండీ. మిమ్మల్ని ఆదోని వెయ్యమన్నారు" అన్నాను నేను. అనకూడదేమో. కానీ ఇద్దరు పెద్దమనుషులూ మళ్ళీ వర్షాల్లోకి వెళ్ళిపోతారని నా భయం.

గుమ్మం దగ్గర అమ్మాయి తలుపు రెక్క పట్టుకుంది. బావగారు మౌసు పక్కన పెట్టారు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన చిన్నగా నవ్వారు. "పెద్దవాళ్ళ వరసలో ఒంటరిగా నిలబెడితే నేను చిన్నవాణ్ణే అవుతాను కదండీ" అని, నా వైపు తిరిగి "ఇది మార్చేదెవరమ్మా?" అని అడిగారు.

సారు సెల్‌ఫోనులో హైదరాబాదు కుర్రాడికి కలిపాను. విషయం చెబితే అతనికి గుడివాడ మీటింగు వెంటనే గుర్తొచ్చింది. "ఎవరి కింద పెట్టమంటారు మేడం?" అన్నాడు, ఈసారి కొంచెం భయంగా. నేను మా సారు వంక చూశాను. సారు నేల చూపులు చూస్తున్నారు. ఇంతలో బావగారు ఫోను లాక్కున్నారు. లాక్కోవడమే.

"మా బావగారి కింద పెట్టు నాయనా. ఆఁ, మచిలీపట్నం కిందే. నేనే చెబుతున్నాను, అవనిగడ్డని. గుడివాడా మొవ్వా ఎక్కడున్నాయో అక్కడే పెట్టు. విడిగా వద్దు."

అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడ్చిందో నవ్విందో నేను చూడలేదు, రెండూ అయి ఉంటాయి. సారు మాత్రం మా అందరి ముందే బావగారి చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఏడుస్తూనే "అనంతపురం కింద ఇంక కనబడదా అమ్మాయ్?" అని అడిగారు. కుర్రాడు మార్చేశానన్నాక మళ్ళీ తెరిచి చూపించాను. అనంతపురం తరవాత చిత్తూరే ఉంది.

బందరు వచ్చాక హెడ్డాఫీసుకి అభ్యంతరం ఎలా రాయాలో మాకు తోచలేదు. ఉన్నదున్నట్టు రాస్తే మగపెళ్ళివారి గురించి ఇంగ్లీషులో వివరించాలి. రేపు రాద్దాం, మాపు రాద్దాం అనుకుంటూ ఉండగా పెద్దాయన దగ్గర్నుంచే మెయిలు వచ్చింది. సారు నా కుర్చీ వెనక నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని, పైకే చదివారు. ఈ వారం రిపోర్టులో అవనిగడ్డ జిల్లా కనిపించడం లేదు, డిపో మూసివేత గడువుకి ముందే పూర్తి చేసినందుకు అభినందనలు, లేని జిల్లాకి ఇన్‌ఛార్జి ఉండడు కాబట్టి ఆ బదిలీ ఫైలు కూడా మూసేస్తున్నాం అని ఉంది.

సారు మళ్ళీ మొదటి నుంచి చదివారు. అప్పుడే టేబులు మీద ఫోను మోగింది. అవనిగడ్డ నుంచి. నాట్లు మొదలయ్యాయి, కోడూరు, నాగాయలంక డీలర్లు గోడౌను ముందు ట్రాక్టర్లు పెట్టుకుని కూర్చున్నారు, ఉన్నపళంగా ఇంకో రెండు లారీల యూరియా పంపించండి బావగారూ అని ఆయన అరుస్తుంటే నాకు ఇక్కడికి వినపడుతోంది.

"పంపిస్తున్నానండీ, ఇప్పుడే పంపిస్తున్నాను" అని సారు ఫోను చేత్తో మూసి, నా వైపు వంగారు.

"పెద్దాయనకి ఏం రాయమంటారండీ?" అన్నాను.

"థాంక్యూ అని రాసెయ్ అమ్మాయ్" అన్నారు.